పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న అన్న క్యాంటీన్: 5 రూపాయల భోజనం

అమ్మకి తుంటి ఎముక విరిగి మా జిల్లా పెద్దాసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నా మధ్యాహ్నం భోజనం ఎదురు రోడ్డులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన అన్న క్యాంటీన్‌లోనే. తిండి సంగతి ముందు చెప్పేస్తాను. కౌంటర్లో 5 రూపాయలిస్తే టోకెన్ ఇస్తారు. అన్నం, ఒక కూర, పప్పు గానీ సాంబారు గానీ, పచ్చడి, పెరుగు. పొద్దున టిఫిను రోజును బట్టి మారుతుంది, ఇడ్లీ, పూరీ, ఉప్మా, పొంగల్ ఇలాగ. వంట అక్కడ కాదు, పెద్ద వంటశాలలో చేసి వ్యానులో తెస్తారు, అయినా వడ్డించేటప్పుడు అన్నం పొగలు కక్కుతూనే ఉంటుంది. పప్పు చిక్కగా ఉంటుంది, నాకు బాగా నచ్చింది. కారం మాత్రం మా ఇళ్లలో తినే దానికంటే తక్కువ. కడుపు నిండుతుందా అంటే, నిండుతుంది.

ఇక ఆ లైన్లో ఎవరుంటారో చెప్పాలి. ఆటోవాళ్లు, కూలీకి వచ్చినవాళ్లు, కోచింగ్ పిల్లలు, అందరికంటే ఎక్కువగా రోగుల వెంట వచ్చినవాళ్లు. మంచం మీదున్న మనిషికి ఆసుపత్రి అన్నం పెడుతుంది, పక్కన కూర్చున్న మనిషి గురించి ఎవరికీ పట్టదు. బయట హోటల్లో రెండు పూటలు తింటే రోజు కూలీలో సగం పోతుంది. పైగా స్కానింగ్ మెషిన్ పనిచేయడం లేదని బయటికి రాసిస్తారు, స్ట్రెచర్ తోసినందుకు చెయ్యి చాస్తారు, రాత్రి పడక వరండాలో దోమల మధ్య. ఆ రోజుల్లో నేను దేవుడికి దండం పెట్టుకోవడం కూడా మానేశాను. ఎవరి మీదో తెలియని కోపం, లోపలికెళితే టెన్షన్, బయటికొస్తే ఏడుపు.

నా పక్కన నిలబడి తిన్న ఒక పెద్దాయన ప్లేటు కళ్లకద్దుకుని, తినడం అయ్యాక చేతులు జోడించి "అన్నదాతా సుఖీభవ" అన్నాడు. ఆయన మనవడు ఐసీయూలో ఉన్నాడని అంతకు ముందే చెప్పాడు. ఎవరికి పెట్టారు బాబాయ్ ఆ దండం అని అడిగితే, ఎవరి పుణ్యమో మనకేం తెలుసమ్మా, తిన్నాక అనాలి అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. ప్రభుత్వం చెప్పే లెక్క ప్రకారం మూడు పూటలకి మనిషికి 90 రూపాయలు ఖర్చు, మనం ఇచ్చేది 15. మిగతాది పన్ను కట్టినవాళ్లది, పుట్టినరోజుకో పెళ్లిరోజుకో విరాళం ఇచ్చినవాళ్లది. వాళ్లెవరో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. కోనసీమలో లంకల గన్నవరంలో దొక్కా సీతమ్మగారు కూడా 1909లో కన్నుమూసేదాకా అలాగే ఊరూ పేరూ తెలియని బాటసారులకి, ఏ వేళ వచ్చినా, అన్నం పెట్టింది కదా. తెల్లవాళ్ల పాలనలో పేదలకి కష్టాలు తక్కువేం కాదు, అవన్నీ తీరాక పొయ్యి వెలిగిద్దామని ఆవిడ కూర్చోలేదు. ఆ సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గరున్న చిన్న గుడి ముందు చాలా రోజుల తర్వాత ఆగాను. ఏమీ కోరలేదు, ఆ పూట అన్నానికి దండం పెట్టి లోపలికెళ్లాను.

అలాగని సమస్యలున్నాయని చెప్పడం మానుకోవాలా? నాకైతే దండం పెట్టిన చేత్తోనే అర్జీ కూడా రాయాలనిపిస్తుంది. ఈ క్యాంటీన్లు 2018లో రాష్ట్రమంతా మొదలుపెట్టారు, 2019లో ప్రభుత్వం మారగానే మూతపడ్డాయి, మళ్లీ 2024 ఆగస్టు 15న గుడివాడలో మొదలై తెరుచుకున్నాయి. మధ్యలో ఆ అయిదేళ్లూ పెద్దాసుపత్రుల ముందు జనం లేరా, వాళ్లకి ఆకలి వేయలేదా? పక్కనే తమిళనాడులో అమ్మ క్యాంటీన్లు 2013లో వచ్చాయి, 2021లో ఎదుటి పార్టీ గెలిచాక కూడా అదే పేరుతో నడుస్తున్నాయి. పేరు ఎవరిదైతే ఏంటి, బోర్డు మార్చుకున్నా పర్వాలేదు, పొయ్యి మాత్రం ఆర్పొద్దు. ఏ పార్టీ వాళ్లు ఇది చదివినా నా మాట ఇదే.

వెళ్లేవాళ్లకి: మధ్యాహ్నం 12:30కి మొదలు, 3 దాకా ఉంటుంది, తొందరగా వెళితే నయం, చిల్లర పట్టుకెళ్లండి. ఆదివారం సెలవు. నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. ఆఫీసులకి సెలవు సరే, వార్డుల్లో రోగులకి ఆదివారం లేదు, వాళ్లని చూసుకునేవాళ్లకీ లేదు. కనీసం ప్రభుత్వాసుపత్రుల దగ్గరున్న క్యాంటీన్లయినా వారమంతా తెరవాలని మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను, మీ ఊళ్లో మీరూ ఇవ్వండి.