పాత సోనీకి ఎలిమినేటరా, సెల్లులా?

పర్లాకిమిడిలో మా ఇంట్లో సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్ షార్ట్‌వేవ్ రేడియో ఇంకా పలుకుతోంది. కంపెనీ తయారీ ఆపేసింది, అసలు ఎలిమినేటర్ (ఇంటి కరెంటుతో రేడియో నడిపే అడాప్టర్) దొరకడం కష్టం. నాకు మిగిలిన దారులు రెండు: బరంపురం బజారులో దొరికే 6 వోల్టుల ఎలిమినేటర్, లేదా చార్జి చేసుకునే నాలుగు పెన్సిల్ సెల్లులు.

ఎలిమినేటర్ ఒక్కసారి కొంటే చాలు. కానీ చిన్నగా, తేలికగా ఉండే స్విచింగ్ రకం పెడితే షార్ట్‌వేవ్ అంతా బుర్రుమంటుంది. దూరపు స్టేషన్ ఆ రొదలో మునిగిపోతుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన పాత రకంతో ఆ గోల తక్కువ. దాంతో వేరే మెలిక ఉంది. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ లేనిదైతే, మీద 6 అని రాసి ఉన్నా లోడు లేనప్పుడు, అంటే దేనికీ తగిలించనప్పుడు, 8, 9 వోల్టులు కూడా ఇస్తుంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడకుండా రేడియోకి గుచ్చకండి. పిన్ను మధ్యలో ప్లస్సా, మైనస్సా అన్నది రేడియో మీది గుర్తుతో సరిపోల్చాలి. షాపులో "అన్నీ ఒకటే సార్" అంటారు. కావు!

సెల్లులతో ఎలిమినేటర్ రొద లేదు. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఒక్కోటి 1.2 వోల్టులు, నాలుగు కలిపి 4.8. మామూలు సెల్లుల 6 కన్నా తక్కువే అయినా మా సెట్టు హాయిగా పాడుతోంది. మంచి చార్జర్‌కి మొదట డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. కరెంటు పోయిన రాత్రి మేడ మీద వింటుంటే ఆ ఖర్చు గుర్తుండదు. వీధిలో కరెంటు లేకపోతే చుట్టుపక్కల ఇళ్ల కరెంటు సామాన్ల రొద కూడా ఉండదు మరి.

నా ఓటు సెల్లులకే. నాన్న మాత్రం చార్జింగ్ టెన్షన్ వద్దని ట్రాన్స్‌ఫార్మర్ దాన్నే వాడుతున్నారు.