పిల్లల క్రిస్మస్‌కు గిఫ్ట్ ప్యాకెట్లు టోకున కొంటున్నవారికి హెచ్చరిక: నక్షత్రం స్టిక్కర్ కింద ఏముందో చూడండి

నిన్న, డిసెంబర్ 21 ఆదివారం సాయంత్రం, మా సంఘంలో పిల్లల క్రిస్మస్ జరిగింది. 60 మంది పిల్లల చేతుల్లో పెట్టిన కానుకలను అరగంట తిరగకముందే నా చేతులతో నేనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం ఇంకా చల్లారలేదు కనుక ఎక్కడైనా మాట కటువుగా పడితే పెద్దలు మన్నించాలి. ఈ వారమంతా, ఆ మాటకొస్తే సంక్రాంతి సెలవుల దాకా, మన గోదావరి డెల్టాలో ఏదో ఒక ఊళ్ళో సెమీ క్రిస్మస్సో, పిల్లల పండుగో, కొత్త సంవత్సరం కూడికో జరుగుతూనే ఉంటుంది కాబట్టి, మరొక సండే స్కూల్ టీచర్‌కు ఈ గతి పట్టకముందే చెప్పాలని పొద్దున్నే రాయడానికి కూర్చున్నాను.

గిఫ్ట్ ప్యాకెట్లు, స్టేజీ అలంకరణ, కేకు, క్రిస్మస్ తాత వేషం అన్నీ కలిపి ఒకే ధరకు ఒప్పుకునే ఆ వ్యాపారి ఎవరో ఈ చుట్టుపక్కల పిల్లల పండుగలు చేయించేవారిలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఫిర్యాదు పెట్టాను కనుక పేరు రాయడం లేదు. మొత్తం 32,000 రూపాయలకు మాట్లాడుకున్నాము. అందులో ప్యాకెట్టు ఒక్కింటికి 250 చొప్పున 60 ప్యాకెట్లకు 15,000, పశువుల పాక, సీరియల్ లైట్లు, స్టేజీ అలంకరణకు 9,000, ఎనిమిది కిలోల కేకుకు 4,000, మైకు సెట్టుకు 2,500, తాత వేషానికి 1,500. డిసెంబర్ మొదటి వారంలో 20,000 ముందుగా ఇచ్చాను. అలంకరణ బాగానే చేశారు, కేకులో కూడా వంక పెట్టడానికి ఏమీ లేదు. నా గొడవంతా ఆ 60 ప్యాకెట్ల గురించే.

ఆ సొమ్ము ఎక్కడిదో చెప్పకపోతే నా బాధ మీకు పూర్తిగా అర్థం కాదు. నర్సాపురం కాలువ గట్టున ఉన్న మా పేటలో సగానికి పైగా ఇళ్ళలో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. 2024లో మన నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరమూ సంతోషించాము, కానీ వీధి అరుగు మీద కూర్చుని నడుము పట్టేసేదాకా సూది ఆడించే మనిషికి ఇప్పటికీ ముక్కకు ఇంత అనే లెక్కనే కూలి ముడుతోంది. ఆ కూలిలోంచి తల్లులు అక్టోబర్ నుంచి వారం వారం పదీ, ఇరవై తెచ్చి నా దగ్గర దాచిపెట్టారు. ఒక ముసలావిడ తన మనవడికోసం ఇచ్చినవన్నీ పది రూపాయల నాణేలే, చీర కొంగున ముడి వేసుకుని తెచ్చేది. తక్కువ పడినది మా పాస్టర్ అయ్యగారూ, సంఘ పెద్దలూ వేసి పూర్తి చేశారు.

దుకాణంలో నాకు చూపించిన మాదిరి ప్యాకెట్టు ఎంతో బాగుంది. మంచి చాక్లెట్లు, బిస్కెట్టు ప్యాకెట్టు, పన్నెండు రంగుల పెన్సిళ్ళ డబ్బా, ఐఎస్‌ఐ గుర్తున్న చిన్న కారు బొమ్మ, అన్నీ మెరిసే కాగితంలో చుట్టి ఉన్నాయి. నేను లోపలికి వెళ్ళగానే ఆయన లేచి నిలబడి "వందనాలండీ" అన్నాడు, మా సంఘం ఎక్కడిదో, అయ్యగారు ఎలా ఉన్నారో అడిగాడు. ఆ పలకరింపుకే నేను మెత్తబడిపోయాను. బిల్లు అడిగితే, "మనలో మనకు బిల్లులెందుకండీ, మిగతాది ముట్టినప్పుడు ఒకేసారి రాసిస్తాను" అని తెల్ల చీటీ మీద 20,000 అని వేసి చేతిలో పెట్టాడు. చీటీ మీద దుకాణం పేరు లేదు, సంతకం లేదు, ప్యాకెట్టులో ఏమేమి ఉంటాయో అసలే లేదు. పదకొండేళ్ళుగా సండే స్కూల్ లెక్కలు పైసాతో సహా పుస్తకంలో రాసే నేను ఆ చీటీని మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేశాను. ఈ తప్పు నాదే, ఎవరి మీదికీ నెట్టను.

సరుకు శుక్రవారం పంపిస్తానన్నాడు, పంపలేదు. శనివారం మధ్యాహ్నమన్నాడు. చివరకు శనివారం రాత్రి పది దాటిన తరువాత ఆటో వచ్చింది. మిగిలిన 12,000 చేతిలో పడితే తప్ప పెట్టెలు దించవద్దని తన ఓనరు చెప్పాడని డ్రైవరు అన్నాడు. తెల్లవారితే పండుగ, పిల్లలు నాటికకు సిద్ధమైపోయారు, ఇంకెక్కడికి పరుగెత్తగలను? సెల్‌ఫోన్ లైటు వెలుతురులో డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను, పెట్టెలు గుడి వెనక గదిలో పెట్టించి తాళం వేశాను. పైనున్న ప్యాకెట్టు ఒకటి చేతిలోకి తీసుకున్నాను కానీ చుట్టిన కాగితం అందంగా ఉంది, విప్పితే మళ్ళీ అలా చుట్టలేమని తిరిగి పెట్టేశాను. సరుకు అంత రాత్రివేళ ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. చూసుకునే వ్యవధి మాకు మిగలకూడదనే అలా పంపారని నా గట్టి నమ్మకం.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాము. కంఠత వాక్యాలు అప్పజెప్పారు, గొర్రెల కాపరులు, జ్ఞానులు, హేరోదు రాజు అందరూ వచ్చిన నాటిక ఎక్కడా తడబడకుండా అయింది, క్రిస్మస్ తాత వచ్చి ప్యాకెట్లు పంచాడు. కాగితాలు చించిన చప్పుడుతో గుడంతా నిండిపోయింది. బిస్కెట్టు ప్యాకెట్టు మీదా, చాక్లెట్ల కవరు మీదా బంగారు రంగు నక్షత్రం స్టిక్కర్ ఒకటి అంటించి ఉంది. ఎంత ముచ్చటగా అంటించారో అని నేను కూడా అనుకున్నాను. మూడో తరగతి చదివే పాప ఒకతె ఆ నక్షత్రాన్ని తన చేతి మీద అంటించుకోవాలని గోటితో మెల్లగా ఊడదీసింది, తరువాత కవరు పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "టీచర్, చుక్క కింద అంకెలున్నాయి" అంది.

చూశాను. ఆగస్టుతో గడువు తీరిపోయింది.

పక్కనున్న పిల్లవాడి చేతిలోది తీసుకుని నక్షత్రం లాగాను. అదే ఆగస్టు. మూడోది జూలై. ప్రతి కవరు మీదా నక్షత్రం సరిగ్గా తేదీ ఉన్న చోటే, ఒక్క అంకె కూడా బయటికి కనిపించకుండా అంటించి ఉంది. పండుగ గుర్తుగా పిల్లలు సంబరపడిన ఆ నక్షత్రాలను ఎవరో కూర్చుని, కింద ఏముందో చదివి, తెలిసి తెలిసి ఒక్కొక్కటిగా అంటించారన్నమాట. అది తెలిసినప్పటి నుంచి ఈ క్షణం వరకు నేను మరువలేకపోతున్నది అదే. పాత సరుకు పొరపాటున కలిసిందంటే నమ్మేదాన్ని, నష్టం భరించి ఊరుకునేదాన్ని కూడా.

మైకులో చెప్పి తిననివ్వకుండా ఆపాము. అప్పటికే నలుగురు తినేశారు. రాత్రి రెండుసార్లు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసి వచ్చాను, దేవుని దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. తరువాత వరుసలో నిలబెట్టి ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నాము. జ్ఞాని వేషం వేసిన పిల్లవాడు తల మీద అట్ట కిరీటం తీయకుండానే వచ్చి, తన ప్యాకెట్టు రెండు చేతులతో నాకు అందించి, "నేను తప్పు చేశానా టీచర్?" అని అడిగాడు. వాడికి నేను చెప్పిన జవాబు వాడికి అర్థమైందో లేదో తెలియదు.

బొమ్మల సంగతి కూడా వినండి. మాదిరిలో చూపిన కారు ఒక్కదాంట్లో కూడా లేదు. దాని బదులు వెలుగుతూ తిరిగే ప్లాస్టిక్ బొంగరం పెట్టారు, దాని మీద ఐఎస్‌ఐ గుర్తు లేదు, తయారు చేసినవారి పేరు లేదు. అడుగున మూతకు మర కూడా లేదు. మూడేళ్ళ పిల్లాడు నేల మీద ఒక్కసారి కొడితే మూత ఊడి, చొక్కా గుండీ అంత బ్యాటరీ వాడి అరచేతిలోకి వచ్చింది. అలాంటి బ్యాటరీ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే దాన్ని కాల్చేయగలదు. వాడి తల్లి చూసి లాక్కుంది కనుక సరిపోయింది, లేకపోతే నేను ఈ పూట రాస్తూ ఉండేదాన్ని కాదు.

రాత్రి ఎనిమిదింటికి ఆయనకు ఫోను చేశాను. మొదటి మాట అప్పుడు కూడా "వందనాలండీ" అనే. నేను విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత అన్నాడు: "ఊరికే పంచే ప్యాకెట్లకు తారీఖులు ఎవరు చూస్తారండీ? పల్లెటూరి పిల్లలు, ఇస్తే తినేస్తారు. మీరే లేనిపోనిది పెద్దది చేసుకుంటున్నారు." డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే, పంచేసిన సరుకు తిరిగి తీసుకోవడం తమ పద్ధతి కాదన్నాడు. బిల్లు అడిగితే, "ఏ బిల్లండీ?" అన్నాడు. చివరకు, "పండుగ పూట పేచీ పెట్టుకోకండి, క్షమించమనే కదా మీ పాస్టర్ గారు చెప్పేది" అని ఫోను పెట్టేశాడు.

ఊరికే పంచినవి కావు అవి. కొంగుముడి విప్పి ఇచ్చిన పది రూపాయల నాణేలతో కొన్నవి. అతడు ఎవరి పిల్లలను పల్లెటూరి పిల్లలని అన్నాడో ఆ పిల్లలలో ఒక పాపే గోటితో అతని మోసాన్ని బయటపెట్టింది. ఇక క్షమించడం అంటారా, అది నాకూ దేవునికీ మధ్య సంగతి, ఆ పని నేను ప్రార్థనలో చేసుకుంటాను. అతడి దుకాణం నుంచి గడువు తీరిన తినుబండారాలు మరో ఊరి పిల్లల నోట్లోకి పోకుండా చూడటం వేరే పని, అది ఈ రోజే చేయాలి.

రాత్రే 60 ప్యాకెట్లూ విప్పి చూశాము. 43 ప్యాకెట్లలో గడువు తీరిన సరుకు ఉంది. ప్రతి దానికీ నక్షత్రంతో ఒక ఫోటో, నక్షత్రం తీసి ఒక ఫోటో తీసి, తల్లులతో సంతకాలు పెట్టించాను. పొద్దున్నే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. గడువు దాటిన ఆహారాన్ని అమ్మినవాడు బాధ్యత వహించాలని 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చెబుతోంది కనుక ఆ అధికారులకు కూడా రాస్తున్నాను. బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని మొండికేయడమూ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువేదీ రాయకపోతే తిరిగి తీసుకోవడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి రుసుము కూడా లేదు. ఇవన్నీ నాకు ముందే తెలుసు, తెలిసీ తెల్ల చీటీ తీసుకున్నాను.

మీరు మాత్రం బిల్లు లేనిదే అడ్వాన్సు ఇవ్వకండి. ప్యాకెట్టులో ఏమేమి ఉంటాయో ఆ బిల్లు మీదే రాయించండి, సరుకు పండుగకు మూడు రోజుల ముందే రావాలని కూడా రాయించండి. దించగానే, అందం చెడినా సరే, అడుగు పెట్టెలోంచి నాలుగు ప్యాకెట్లు విప్పండి. తేదీ మీద ఏ స్టిక్కర్ ఉన్నా పీకేయండి. తినే సరుకు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు ఉన్నాయో లేదో చూడండి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి.

మా పిల్లల సంగతికి వస్తే, విషయం తెలిసిన తల్లులు రాత్రికి రాత్రే ఇళ్ళకు పరుగెత్తి, పండుగకని చేసి దాచుకున్న గులాబీ పువ్వులూ, గవ్వలూ, చెక్కలూ తెచ్చి పిల్లలకు పంచారు. రంగు పెన్సిళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి కనుక అవి తిరిగి ఇచ్చేశాము.

మరొక్క విషయం, అసలు ఇంత తొందరగా రాయడానికి కారణం ఇదే. శనివారం రాత్రి మా పెట్టెలు దించిన ఆటోలో ఇంకా పెట్టెలు మిగిలి ఉన్నాయి. సెల్‌ఫోన్ లైటులో ఒకదాని మీద రాత కనిపించింది. ఊరి పేరు చదవలేకపోయాను కానీ నీలం స్కెచ్ పెన్నుతో "సండే స్కూల్ – 85" అని రాసి ఉంది. అలాంటి పెట్టె మీ గుడి గదిలో ఉంటే, పిల్లలకు పంచకముందే విప్పి నక్షత్రాలు తీసి చూడండి.