రెండుసార్లు గోడ దిగిన ఏసీ: ఏడేళ్ల వాడకం తరువాత

2018 ఏప్రిల్‌లో హనుమకొండ బాలసముద్రంలోని కిరాయి ఇంట్లో ఒకటిన్నర టన్నుల, మూడు స్టార్ల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ పెట్టించాము. రెండో అంతస్తు కావడంతో స్లాబు మీద పడిన ఎండ రాత్రి పదకొండు దాటినా గదిలోనే ఉండేది. ఆ వేడిని తట్టుకొని ఈ యంత్రం బాగానే పనిచేసింది, ఇప్పటికీ పనిచేస్తోంది. చల్లదనం, కరెంటు బిల్లు, శబ్దం గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కాబట్టి నేను వాటి జోలికి పోను. ఇల్లు మారినప్పుడు రెండుసార్లు విప్పించి, నెలల తరబడి దాచి, మళ్లీ బిగించిన అనుభవమే నేను చెప్పదలచుకున్నది. కంపెనీ పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే ఈ పనిలో ఏ కంపెనీ స్ప్లిట్ ఏసీ అయినా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది.

మొదటిసారి 2021 జూన్‌లో కాజీపేటకు మారాము. సామాను ఎక్కించే హడావిడిలో దొరికిన మెకానిక్‌ను పిలిచాను. అతని దగ్గర గ్యాస్ ఒత్తిడి చూసే గేజీ లేదు. ఏసీని నడిపించి, బయటి యూనిట్ పక్కనున్న సన్నటి పైపు వాల్వును అలెన్ కీతో మూసి, కాసేపటికి అంచనా మీద లావు పైపు వాల్వునూ మూసి, "గ్యాస్ లాక్ చేసిన సార్, ఏం కాదు" అన్నాడు. పైపుల్లోని గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి బంధించడాన్నే గ్యాస్ లాక్ అంటారు. నట్లు వదులు చేయగానే చాలాసేపు బుస్సుమని వచ్చినది గ్యాస్ పోతున్న శబ్దమని నాకు అప్పుడు తెలియలేదు. పైపుల కొనలను, వాల్వుల నోళ్లను మూయకుండానే వదిలేశాడు. బయటి యూనిట్‌ను ట్రాలీ ఆటోలో అడ్డంగా పడుకోబెట్టారు. వానాకాలం మొదలైంది కదా, ఇప్పుడు ఏసీతో ఏం పని అని దాన్ని వరండాలో ఒక మూలకు నెట్టి మార్చి దాకా మరచిపోయాము.

2022 మార్చిలో బిగించాక గది చల్లబడటానికి గంటన్నర పట్టింది, సన్నటి పైపు మీద మంచు పేరుకుంది. రెండు నెలల్లో రెండుసార్లు గ్యాస్ నింపించాను, ప్రతిసారీ మూడు వేల పైచిలుకు ఖర్చయింది. చివరకు మరో మెకానిక్ నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి, సబ్బు నురుగు పూసి, నట్టు దగ్గర లీకు చూపించాడు. నట్టులో కూర్చునేందుకు గంట ఆకారంలో వెడల్పు చేసిన పైపు కొన ఒక చోట చిట్లి ఉంది. దాన్ని కోసి, కొనను మళ్లీ అలాగే వెడల్పు చేసి (దీన్నే ఫ్లేర్ చేయడం అంటారు), పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపును అరగంటకు పైగా నడిపి, బయటి యూనిట్ రేకు మీద రాసి ఉన్నంత బరువు గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాడు. మార్చిలో బిగించినప్పుడు ఈ వాక్యూమ్ అసలే పెట్టలేదు, కొద్దిగా గ్యాస్ వదిలి గాలిని తరిమామని అనిపించారు. కంప్రెసర్‌లోని నూనె గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది కాబట్టి, తొమ్మిది నెలలు నోళ్లు తెరుచుకొని వరండాలో ఉన్న యూనిట్‌కు ఆ తరిమే పద్ధతి ఏ మాత్రం చాలదు. కంప్రెసర్ బతికి బయటపడటం మా అదృష్టమనే అనుకుంటున్నాను.

రెండోసారి 2024 నవంబరులో సొంత ఇంటి పని నడుస్తుండగా హసన్‌పర్తికి మారవలసి వచ్చింది. ఈసారి లీకు పట్టిన మెకానిక్‌నే పిలిచి, పని అయ్యేదాకా పక్కనే నిలబడ్డాను.

దానికి ముందు నేను చేసినవి రెండే పనులు. వారం ముందు సర్వీసింగ్ చేయించి, విప్పే రోజు ఉదయం మూడు గంటలు ఫ్యాన్ మోడ్‌లో నడిపి లోపలి కాయిల్‌ను ఆరబెట్టాను. తడితో మూటగడితే బూజు వాసన వస్తుంది. ఇక వైర్లను ఫోటో తీసి పెట్టుకున్నాను. ఇన్వర్టర్ ఏసీలో లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ మధ్య కరెంటు తీగలతో పాటు సమాచారం మోసే తీగ కూడా ఉంటుంది, అది తారుమారైతే బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది.

చలికాలంలో గ్యాస్ లాక్ చేయడంలో ఒక చిక్కు ఉందని అప్పుడే తెలిసింది. గది ముందే చల్లగా ఉండటంతో ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది, గ్యాస్‌ను లాగడానికి బలం చాలదు. అందుకని మెకానిక్ రిమోట్‌ను పక్కన పెట్టి, లోపలి యూనిట్ మూత కింద ఉన్న బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి బలవంతపు కూలింగ్‌లో పెట్టాడు. పది నిమిషాలు నడిచాక, లావు పైపు పక్కనున్న సర్వీస్ నోటికి గేజీ తగిలించి, సన్నటి వాల్వును మూశాడు. ముల్లు మెల్లగా దిగుతూ వచ్చింది. సున్నాకు కాస్త పైన ఉండగానే లావు వాల్వును మూసి, అదే క్షణంలో నన్ను మెయిన్ ఆపమన్నాడు.

సున్నా దాటి ఎందుకు లాగకూడదని అడిగితే, ఎక్కడైనా నట్టు వదులుగా ఉంటే గాలి లోపలికి వస్తుందని, గాలీ నూనే కలిసి కంప్రెసర్‌లో నలిగితే అది పేలవచ్చని చెప్పాడు. మా ఏసీలో ఉన్నది ఆర్-32 గ్యాస్. దానికి కొద్దిగా మండే గుణం ఉంది. అందుకే పని జరిగినంతసేపూ కిటికీలు తెరిచి ఉంచాము, వంటింట్లో స్టవ్ వెలిగించనివ్వలేదు. ఈ పనిని వీడియోలు చూసి స్వయంగా చేసుకోవచ్చని అనేవారు ఉన్నారు, నేనైతే ఒప్పుకోను. మెయిన్ ఆపిన తరువాత కూడా బయటి యూనిట్ బోర్డులోని కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచే ఉంటుంది, మెకానిక్ కూడా పదిహేను నిమిషాలు ఆగిన తరువాతే మూత విప్పాడు.

వాల్వుల నోళ్లకు ఇత్తడి మూతలు, పైపుల కొనలకు రబ్బరు మూతలు బిగించాడు. రాగి పైపును నలగకుండా పెద్ద చుట్టగా చుట్టించాను. పాత పైపు పనికిరాదని చెప్పి దాన్ని పట్టుకుపోయేవారు ఉంటారు. మంచిగా ఉన్న పైపును మాత్రం అడిగి మరీ తీసుకోవాలి, రాగి ధర తెలిసినవారికి ఆ పనికిరానితనం ఏమిటో తెలుస్తుంది. విప్పినందుకు పదిహేను వందలు ఇచ్చాను. మొదటివాడు ఏడు వందలే తీసుకున్నాడు.

హసన్‌పర్తిలో బయటి యూనిట్‌ను మెట్ల కింద, రెండు చెక్కల మీద నిటారుగా నిలబెట్టాము. అడ్డంగా ఉంచితే కంప్రెసర్ నూనె పైపుల్లోకి జారుతుంది. రవాణాలో తప్పక పడుకోబెట్టినా, నిలబెట్టి ఒక రోజు ఆగాకే నడపాలని మెకానిక్ చెప్పాడు. లోపలి యూనిట్‌ను పాత నూలు దుప్పటిలో చుట్టి అటక మీద వెనుకవైపు కిందికి వచ్చేలా పెట్టాము, దాని మీద మరేదీ పెట్టలేదు. ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టలేదు, తేమ లోపలే నిలిచిపోతుందని భయం. పక్క గదిలో వడ్ల బస్తాలు ఉండటం వల్ల ఎలుకల బెడద ఉంది, అందుకని వైర్లు బయటకు వచ్చే సందుల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కాను. మొదటిసారి రిమోట్‌లోనే వదిలేసిన సెల్స్ కారి స్ప్రింగులు తుప్పుపట్టాయి, ఈసారి తీసి పెట్టాను.

2025 మార్చిలో ఏసీని మళ్లీ బిగించి, వాక్యూమ్ పెట్టి, వాల్వులు తెరిచాక, ఒక్క గ్రాము గ్యాస్ కూడా ఎక్కించే అవసరం రాలేదు. ఇరవై నిమిషాల్లో గది చల్లబడింది. అయితే అదే రాత్రి లోపలి యూనిట్ కింద గోడ మీదుగా నీళ్లు కారాయి. విప్పి చూస్తే నీళ్లు పోయే గొట్టం నోట్లో కందిరీగ మట్టి గూడు కట్టి ఉంది. అన్ని నోళ్లకూ మూతలు పెట్టించినవాడిని, ఆ ఒక్క గొట్టానికీ ఒక గుడ్డపేలిక కట్టాలని తోచలేదు.