కాన్వీ కోట, కిటికీ మరక, 45 పౌన్లు

ముందు ఆ 45 పౌన్ల సంగతి చెప్పేస్తాను. అది కక్కేస్తే గానీ మిగతా యాత్ర గురించి స్థిమితంగా రాయలేను. వేల్స్‌లో కాన్వీ అనే ఊళ్లో మేం రెండు రాత్రులు ఉన్న బస వాళ్లు, కిటికీ గట్టు మీద నేను పెయింటు మరక చేశానని డిపాజిట్‌లో 45 పౌన్లు కోసేసుకున్నారు. ఆ మరక నాది కాదు. ఎందుకు కాదో కింద చెప్తాను, పెయింట్లు తెలిసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

మేం ఉండేది బర్మింగ్‌హామ్‌లో. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు పుట్టినరోజుకి మధ్యయుగపు సైనికుల ప్లాస్టిక్ బొమ్మల పెట్టె ఒకటి కొన్నాను. ఒక్కో బొమ్మ 28 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి మొదటి కణుపు కన్నా కాస్త పొడవు. వాడు రెండు రోజులు ఆడి వదిలేశాడు, నేను మూడేళ్లుగా వదల్లేదు. ఇప్పుడు 300 పైగా అయ్యాయి, విలుకాళ్లే సగం. పోయిన ఏడాది నుంచి వాళ్లకి కోట కడుతున్నాను, ఫోమ్ బోర్డుతో, కాన్వీ కోట నమూనాలో, అదీ ఫొటోలు చూసి మాత్రమే. అందుకే ఈ అక్టోబరు సెలవుల్లో అసలు కోట చూసి తీరాలనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది, బొమ్మల షాపులకి తిప్పకూడదని. కొండపల్లి నుంచి మా బావమరిది కూడా వచ్చి ఉన్నాడు. వాడు మొదటి రోజే "బావా, లండన్ చూపిస్తావనుకుంటే బొమ్మలు చూపిస్తానంటావేంటి" అని మొహం మాడ్చుకున్నాడు.

మొదట లీడ్స్ వెళ్లాం, రాయల్ ఆర్మరీస్ అనే పాత ఆయుధాల మ్యూజియం కోసం. ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కి మాత్రం 10.50 పౌన్లు వదిలాయి. గంటలో చూసేసి బయల్దేరదామనుకున్నది నాలుగు గంటలు పట్టింది. కారణం అజిన్‌కోర్ట్ యుద్ధపు నమూనా. 1415 అక్టోబరు 25న ఇంగ్లీషు రాజు ఐదో హెన్రీ ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన యుద్ధం అది. దాని 600 ఏళ్ల సందర్భానికి 28 మిల్లీమీటర్ల బొమ్మలతోనే, నాలుగు వేలకు పైగా పెట్టి తయారు చేశారు. బొమ్మలు ఇలాంటి సైనికుల బొమ్మలు తయారు చేసే పెర్రీ అన్నదమ్ములవి, నేను ఇంట్లో వేసుకునేవీ చాలా వరకు వాళ్లవే. నా బొమ్మల అన్నదమ్ములు అంతమంది ఒక్కచోట గుంపుగా నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోయాను. యుద్ధానికి ముందు రాత్రి వాన పడింది, దుక్కి దున్నిన పొలం, రెండు పక్కలా అడవి. ఆ ఇరుకులోకి ఇనుప కవచాలతో కాలినడకన వచ్చిన ఫ్రెంచి వాళ్లు బురదలో ఒకరి మీద ఒకరు పడి నలిగిపోయారని పుస్తకాల్లో చదవడం వేరు, పైనుంచి ఆ తొక్కిసలాటని కళ్లతో చూడడం వేరు. ఎదుటివైపు విలుకాళ్లు, వాళ్ల ముందు శత్రువుల గుర్రాలని ఆపడానికి మొన చెక్కి పాతిన గుంజలు. నేనైతే ఇంట్లో ఆ గుంజలు నిటారుగా పాతాను. అవి ముందుకి వాలి ఉండాలి, గుర్రం రొమ్ముకి తగిలేలా. ఇలాంటివి ఎవరూ చెప్పరు, చూస్తే తప్ప తెలీదు. ఇంటికొచ్చాక ఇరవై నాలుగు గుంజలు పీకి మళ్లీ పాతాను.

మా బావమరిది మూడ్ మారింది మాత్రం ఏనుగు దగ్గర. అక్కడ మొగలుల కాలం ఏనుగు కవచం ఉంది, నిలువెత్తు ఏనుగు బొమ్మకి తొడిగి పెట్టారు. ఐదు వేలకు పైగా ఇనుప రేకులు గొలుసులతో అల్లినది, బరువు 118 కిలోలట. మద్రాసు గవర్నరుగా చేసిన ఎడ్వర్డ్ క్లైవ్ భార్య 1801లో ఇంగ్లండు తెచ్చుకుందట. మామయ్య అక్కణ్ణించి కదలట్లేదని మా అబ్బాయి వచ్చి చెప్పాడు. వెళ్లి చూస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి "బావా, మన కొండపల్లి అంబారీ ఏనుగుకి ఇది వేస్తే ఎట్టా ఉంటది" అంటున్నాడు. అప్పట్నుంచి లండన్ మాట ఎత్తలేదు. మా ఆవిడ మాత్రం మ్యూజియం కాఫీ షాపులో నాలుగు కాఫీలు, మూడు కేకులకి 29 పౌన్లు అయ్యాయని రెండు రోజులు గుర్తు చేస్తూనే ఉంది. తిండి పట్టుకెళ్లండి, బయట డాక్ (పడవల రేవు) పక్కన బల్లలున్నాయి.

ఇక కాన్వీ బస. పేరు రాయను. రాత్రికి 148 పౌన్లు, డిపాజిట్ 100, "కోట కనిపించే గది" అని ప్రకటన. నలుగురం మూడో అంతస్తులో అటక లాంటి గదిలోకి ఎక్కాం, లిఫ్టు లేదు, మెట్లు ఎంత ఇరుకంటే పెద్ద పెట్టెని నేనూ బావమరిదీ ముందొకరం వెనకొకరం పట్టుకుని పాడెలా మోశాం. (ఆ మాట పైకి అన్నందుకు మా ఆవిడ తిట్టింది.) కోట ఏదీ అని చూస్తే కిటికీలోంచి ఎదురింటి పొగగొట్టం. కోట కనపడుతుంది, అబద్ధం కాదు. బాత్రూమ్‌లో కమోడ్ మూత వేసి దాని మీద ఎక్కి నిలబడి, చిన్న కిటికీలోంచి ఎడమవైపుకి మెడ తిప్పితే ఒక బురుజు కొస కనపడుతుంది. మా అబ్బాయి ఎక్కి చూసి "నాన్నా, నిజంగానే ఉంది" అని సంబరపడ్డాడు. హీటర్ రాత్రి పదింటికి దానంతటదే ఆగిపోతుంది. కారు పెట్టుకునే చోటు పన్నెండు నిమిషాల నడక, రోజుకి 8 పౌన్లు వేరే. కాన్వీలో గది తీసుకునేవాళ్లకి ఒకటే చెప్తాను, "వ్యూ" అన్న మాటకి డబ్బు కట్టకండి, పాత ఊరు మొత్తం కోటగోడ లోపలే ఉంది, గుమ్మం దాటితే వ్యూనే.

కోటకి మర్నాడు పొద్దున తలుపు తీసే వేళకే వెళ్లాం. మేం వెళ్లినప్పుడు టికెట్ తలకి 12, 13 పౌన్ల మధ్య ఉంది, కుటుంబ టికెట్ తీసుకుంటే కలిసొస్తుంది. వేల్స్‌ని గెలిచిన మొదటి ఎడ్వర్డ్ రాజు 1283లో మొదలుపెట్టించాడు. ఆల్ప్స్ కొండల దగ్గరి సవాయ్ నుంచి వచ్చిన మాస్టర్ జేమ్స్ అనే మేస్త్రీ ఆధ్వర్యంలో నాలుగేళ్లలో కోటా ఊరి గోడా కలిపి దాదాపు ముగించేశారు, ఖర్చు సుమారు 15,000 పౌన్లు, ఆ కాలపు లెక్కలో. ఎనిమిది బురుజులు, ఒక్కోటి డెబ్బై అడుగుల దాకా ఉంటుంది. నా బొమ్మల కొలతకి కడితే బురుజు ఒక్కటీ 38 సెంటీమీటర్లు, కోట మొత్తం దాదాపు రెండు మీటర్లు. మా భోజనాల బల్ల మీటరున్నర, అందుకే నేను పడమటి గుమ్మం, రెండు బురుజులు మాత్రమే కడుతున్నాను, మా ఆవిడ దానికే పండగ చేసుకోమంటోంది.

లోపలికి అడుగు పెట్టిన పది నిమిషాల్లో నా కోట ఎన్ని చోట్ల తప్పో తెలిసిపోయింది. బురుజుల గోడల మీద చిన్న చిన్న చదరపు రంధ్రాలు వరసగా ఉంటాయి. కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చినవి అవి. మన దగ్గర పరంజా అడ్డంగా అంతస్తులుగా కడతారు కదా, ఇక్కడ ఆ రంధ్రాలు బురుజు చుట్టూ ఏటవాలుగా, పాము చుట్టుకున్నట్టు పైకి పోతున్నాయి. కర్రల మీద వాలుబాట వేసి రాళ్లు అలా పైకి ఎక్కించారు, సవాయ్ వైపు మేస్త్రీల పద్ధతి అది. నేనేమో నా ఫోమ్ మీద రంధ్రాలన్నీ స్కేలు పెట్టి అడ్డంగా గుచ్చాను. పడమటి గుమ్మం పైన శత్రువు నెత్తిన రాళ్లు వెయ్యడానికి ముందుకి పొడుచుకొచ్చిన రాతి అరుగుల్లాంటివి ఉన్నాయి, బ్రిటన్‌లో మిగిలిన వాటిలో ఇవే మొదటివని అంటారు, అవి నా కోటకి అసలు లేనే లేవు. గోడ పైన పళ్లలా ఉండే కట్టడం మీద ఒక్కో పన్నుకి మూడేసి చిన్న కొసలు నిలబెట్టి ఉన్నాయి, చాలా విరిగిపోయాయి గానీ కొన్ని మిగిలాయి. ఫొటోల్లో అవి విరిగిన రాళ్లనుకుని నేను చెక్కేసి నున్నగా చేశాను!

అన్నిటికన్నా పెద్ద దెబ్బ రంగు. నేను బూడిద రంగు వేసి, నల్లటి వాష్ (నీళ్లలా పల్చని రంగు) ఇచ్చి, పైన తెల్లటి డ్రై బ్రష్ (దాదాపు ఆరిన కుంచెతో పైపైన రుద్దడం) చేసి ఎంతో మురిసిపోయాను. తీరా ఈ కోట కట్టిన రోజుల్లో బయట తెల్లగా ఉండేదట, గోడలకి సున్నం పూసేవాళ్లు. ఒకచోట రాళ్ల సందుల్లో ఆ తెలుపు ఇంకా అంటుకునే ఉంది. బావమరిది గోరుతో గీకబోతే ఆపాను. వాడు నవ్వి, "ఇందులో వింతేముంది బావా, మా ఊళ్లో బొమ్మకి ముందు సున్నం పూస్తేనే కదా పైన రంగు నిలిచేది" అన్నాడు. వాళ్ల నాన్న తరం వరకు పొణికి కర్ర బొమ్మలు చేసిన ఇల్లు అది. మూడేళ్లలో నేను రంగుకి ముందు కొట్టే ప్రైమర్ స్ప్రేలకి పెట్టిన డబ్బు లెక్కేసుకుని నోరు మూసుకున్నాను.

ఊరి గోడ మీద నడవడానికి డబ్బులేం లేవు, తప్పకుండా నడవండి, కిలోమీటరు పైన ఉంటుంది. దక్షిణం వైపు గోడలో పన్నెండు పాయిఖానాలు వరసగా గోడ బయటికి వేలాడుతూ కట్టి ఉన్నాయి, రాజుగారి ఉద్యోగుల కోసమట. మా అబ్బాయికి కోట మొత్తంలో నచ్చింది అదొక్కటే, ఇప్పుడు నేను అవి కట్టాలట.

ఆ సాయంత్రం రేవు దగ్గర తిన్న తిండి మాత్రం మర్చిపోలేను. కాన్వీ నదిలో ఆల్చిప్పలు పడవల మీంచి పొడుగాటి కర్రల గొర్రులతో చేత్తోనే గీకి తీస్తారు, చలికాలమే వాటి సీజన్. ఒక చిన్న హోటల్లో గిన్నెడు 14.50 పౌన్లు. ఉల్లికాడల్లాంటి లీక్స్, వెన్న వేసి ఉడికించారు, ఉప్పు తప్ప ఏమీ లేదు. బావమరిది జేబులోంచి పొట్లం తీసి కారప్పొడి చల్లాడు. వడ్డించే అమ్మాయి వచ్చి అదేంటని అడిగి, వేలితో కొంచెం అద్దుకుని నాకి, నీళ్ల కోసం లోపలికి పరిగెత్తింది. బిల్లుతో పాటు పొట్లం ఇచ్చి వెళ్తారా అని అడిగింది కూడా! ఇచ్చేశాడు. అసలు చేపా మాంసం ముట్టని మా ఆవిడ చిప్స్ తిని ఊరుకుంది, 5 పౌన్ల చిప్స్, వాటినీ మెచ్చుకుంది.

మర్నాడు ఖాళీ చేసేటప్పుడు మరక గొడవ. గదిలో బల్ల లేదు కాబట్టి రాత్రి కిటికీ గట్టు మీద పేపరు పరిచి ఇద్దరు విలుకాళ్లకి రంగు వేసిన మాట నిజం. తాళం ఇవ్వబోతే గది చూడ్డానికి వెళ్లినామె కిందకి వచ్చి, గట్టు మీద పెయింటు ఉంది, శుభ్రం చేయించాలి, 45 అంది. పైకెళ్లి చూపించాను. మరక ఆకుపచ్చ. నా డబ్బాలో ఉన్నవి ఎరుపు, తెలుపు, గోధుమ, ఉక్కు రంగు, ఐదోది లేదు. పైగా ఆ మరక తళతళా మెరుస్తోంది, నావి నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగులు, ఉక్కు రంగు తప్ప ఏవీ ఆరితే మెరవవు. అన్నిటికీ మించి, కిటికీ చట్రానికి వేసిన ఆకుపచ్చ ఎనామిల్ ఆ మరక పక్కనే జానెడు దూరంలో ఉంది, రెండూ ఒకటే రంగు. వాళ్ల పెయింటరు కార్చిన చుక్క అది. ఆమె ఓనరుకి ఫోన్ చేసింది, ఆయన నాతో మాట్లాడి చివరికి అన్నదేంటంటే, పెయింటు డబ్బా మీ చేతిలో ఉంది కదా అని. "వదిలెయ్యండి, పిల్లాడు బెదిరిపోతున్నాడు" అని మా ఆవిడ చెయ్యి లాగింది. 55 తిరిగొచ్చాయి. రెండు రంగులూ ఒకే ఫొటోలో పడేలా తీసి బుకింగ్ సైటుకి పంపాను, ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు, ఉలుకూ పలుకూ లేదు. గదిలో దిగగానే గట్లూ గోడలూ ఫొటోలు తీసుకోండి, బొమ్మలకి రంగులేసే అలవాటుంటే మరీను.

ఇంటిదారి పట్టే ముందు కాస్త చుట్టు తిరిగి బొమారిస్ కోట చూశాం, వాన లేదు, జనం లేరు, బాగుంది.

ఇంటికొచ్చాక నా బురుజులకి మళ్లీ తెల్ల ప్రైమర్ కొట్టాను. పెళ్లికి సున్నం కొట్టిన ఇల్లులా ఉందని మా ఆవిడ అంది. ఆదివారానికల్లా బల్ల ఖాళీ చెయ్యాలని కూడా అంది. బావమరిది పోయిన వారం వెళ్లిపోయాడు, వెళ్తూ నలభై బొమ్మల పెట్టె ఒకటి అడిగి పట్టుకెళ్లాడు. నిన్న ఫొటో పంపాడు. విలుకాడి భుజం దగ్గర అతుకులో ఉన్న సందుని చింతగింజల మక్కుతో నింపి నున్నగా తీర్చాడు. నేనైతే దానికి గ్రీన్ స్టఫ్ అనే పుట్టీ వాడతాను, చిన్న ముక్కకే 8 పౌన్లు. "ఇది ఊరికే బావా" అని రాశాడు కింద. ప్లాస్టిక్ మీద నిలుస్తుందో రాలిపోతుందో వారం ఆగి చెప్తానన్నాడు.