ఫ్లెయిల్ మోవర్: సుత్తి బ్లేడ్లకే నా ఓటు

నా 40 హెచ్‌పీ ట్రాక్టర్‌కి ఫ్లెయిల్ మోవర్ (గిర్రున తిరిగే బ్లేడ్లతో గడ్డినీ తుప్పల్నీ నరికే యంత్రం) తగిలించి రెండు సీజన్లయింది. వెనక టైర్ల బయటి అంచుల దాకా కొలిచి, అంతకంటే కాస్త వెడల్పున్నదే తీసుకున్నాను. సన్నగా ఉంటే టైరు తొక్కిన గడ్డి అలాగే మిగిలిపోతుంది. మొదట వై (Y) ఆకారపు బ్లేడ్లు వేశాను. పచ్చగడ్డిని బాగానే కోశాయి, తుప్పల దగ్గర మాత్రం చేతులెత్తేశాయి. సుత్తి బ్లేడ్లకు మారాక బొటనవేలంత కొమ్మలు కూడా నుజ్జవుతున్నాయి.

చిరాకు పెట్టింది పీటీఓ షాఫ్ట్, అంటే ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని మోవర్‌కి అందించే తిరిగే కడ్డీ. పొడవుగా వచ్చింది; చూసుకోకుండా మోవర్ ఎత్తి ఉంటే గేర్‌బాక్స్‌నే పొడిచేది! లోపలి గొట్టం, బయటి గొట్టం రెండూ సమానంగా కోయించాను. మోవర్ బెల్టుల బిగువు మొదటి రోజే వదులైంది. ఆ సంగతి మాన్యువల్‌లో ఎక్కడో చివర్న ఉంది. రాళ్లున్న చోట మోవర్ వెనక నేల మీద దొర్లే రోలర్‌ని కిందికి దింపుతాను, కోత ఎత్తు పెరిగి బ్లేడ్లు బతుకుతాయి.