స్పాంజ్ ఫిల్టర్, చుక్కల టెస్ట్ కిట్: వైజాగ్ నీళ్ళలో మూడేళ్ళు వాడాక

రెండు స్పాంజీల ఫిల్టరు, దానికో ఎయిర్ పంపు, చుక్కలేసి రంగు చూసే టెస్ట్ కిట్, కాస్త నవాసాగరం. రెండడుగుల ట్యాంకులో చేపలు వేసే ముందు నిజంగా పనికొచ్చేవి ఇవే. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియా వాటికే విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాని నవాసాగరంలోని అమ్మోనియాతో మేపి, స్పాంజీలో ముందే పెంచితేనే ట్యాంకు సిద్ధమైనట్టు. మూడేళ్ళలో వేర్వేరు ట్యాంకుల మీద వాడి చూశాక కిట్‌కి అయిదుకి నాలుగున్నర, ఫిల్టరుకి నాలుగు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా మందుకి ఒకటిన్నర. ఎండలో ఎన్నాళ్ళు నిలవున్న సరుకో తెలియదు. అది పోసిన ట్యాంకు, పోయని ట్యాంకు ఇంచుమించు ఒకే వారంలో సిద్ధమయ్యాయి.

ముందు ఫిల్టరు. కొత్త స్పాంజీ నీళ్ళలో మునగదు, తేలుతుంది. బకెట్లో ముంచి, లోపలి గాలంతా పోయేదాకా నాలుగైదుసార్లు పిండితే కూర్చుంటుంది. నిలువు గొట్టం లోపల చిన్న ఎయిర్ స్టోన్ పెడితే బుడగలు సన్నబడి, గుడగుడ చప్పుడు సగానికి తగ్గుతుంది. పంపు నీటిమట్టం కన్నా కింద ఉంటే నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు ట్యూబు గుండా వెనక్కి జారి పంపులోకి, అక్కణ్ణుంచి ప్లగ్గుబోర్డు మీదకి వస్తాయి. వాల్వుకి బాణం గుర్తు ఉంటుంది, అది ట్యాంకు వైపు చూడాలి. తిరగేసి పెట్టి, పంపు పాడైందనుకునేవాళ్ళు చాలామంది.

ఇసుక బీచ్ నుంచి తేవద్దు. ఉప్పు కడిగితే పోతుంది, గవ్వల పొడి పోదు. అది కరిగేకొద్దీ కఠినత, పీహెచ్ పెరుగుతూనే ఉంటాయి. (భీమిలి వైపు కనిపించే నల్లచారలు ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు. చూడ్డానికి బాగుంటాయి, అక్కడే ఉండనివ్వండి.) ఏ ఇసుక తెచ్చినా గుప్పెడు తీసి వెనిగర్ పోయండి, నురగ వస్తే పక్కన పెట్టేయండి.

నీళ్ళ సంగతి. మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, ఉండాలి కూడా. యాంటీ క్లోరిన్ స్ఫటికాలు, అంటే హైపో, 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి పెట్టుకుంటే, 45 లీటర్లకి 5 మిల్లీలీటర్లు చాలు. 24×12×12 అంగుళాల ట్యాంకు లెక్కకి 56 లీటర్ల పైచిలుకు. ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా పట్టేది 45. నీళ్ళు మసగ్గా ఉన్నాయని మాత్రం పటిక తిప్పకండి, అది ఆల్కలినిటీని, అంటే పీహెచ్ పడిపోకుండా కాసే గుణాన్ని, తినేస్తుంది. ఆ నష్టం ఎక్కడ బయటపడుతుందో కింద చెప్తాను.

ఇప్పుడు అమ్మోనియా. కళాయి పూతకి వాడే నవాసాగరమే అమ్మోనియం క్లోరైడ్. కానీ ట్యాంకుకి ల్యాబ్ గ్రేడుదే కొనండి, బజారు గడ్డలో ఏం కలిసిందో చెప్పలేం. 10 గ్రాములు అరలీటరు నీళ్ళలో కరిగించి, అందులోంచి 14 మిల్లీలీటర్లు పోస్తే 45 లీటర్లలో 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాముల అమ్మోనియా, వస్తుంది. ఎక్కువ పోస్తే త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. 5 దాటితే బ్యాక్టీరియా పనే మందగిస్తుంది. మన ఊళ్ళో నీళ్ళు ఏడాదిలో చాలా నెలలు 26 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటాయి కాబట్టి ఈ దశలో హీటరు ఖర్చు దండగ.

కిట్‌లో పెద్ద చిక్కు నైట్రేట్ రెండో సీసా. అడుగున పొడి పేరుకుంటుంది. అర నిమిషం గట్టిగా కుదపకుండా చుక్కలేస్తే నైట్రేట్ లేనట్టే చూపిస్తుంది. రంగుని పగటి వెలుతుర్లో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడాలి. పసుపు బల్బు కింద అమ్మోనియా సున్నాకీ 0.25కీ తేడా తెలియదు. నైట్రైట్ ముదురు ఊదాలో ఆగిపోతే, ఒక వంతు ట్యాంకు నీటికి తొమ్మిది వంతుల ఆర్‌వో నీళ్ళు కలిపి చూసి, వచ్చినదాన్ని పదితో గుణించండి. నీళ్ళలో ముంచి రంగు చూసే కాగితపు స్ట్రిప్పులు మన ఉక్కలో డబ్బా తెరిచిన కొన్నాళ్ళకే తేమ పీల్చి రంగు తప్పుతాయి. చవక అని వాటి జోలికి పోవద్దు.

అమ్మోనియా వారం, పది రోజుల్లో దిగడం మొదలవుతుంది. నైట్రైట్ మూడో వారంలో పతాక స్థాయికి వెళ్ళి, నాలుగు నుంచి ఆరు వారాల్లో పడిపోతుంది. అమ్మోనియా సున్నాకి వచ్చినప్పుడల్లా మళ్ళీ 2 పీపీఎం. మధ్యలో అన్నీ కదలకుండా ఆగిపోతే మొదట అనుమానించాల్సింది పీహెచ్‌ని. ఒక డోసు అమ్మోనియా మారడానికి లీటరుకి సుమారు 12 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. మీ నీళ్ళలో ఉన్నది 60 అయితే అయిదు డోసులకి ఖాళీ, పీహెచ్ 6.5 కిందికి జారి బ్యాక్టీరియా పని మానేస్తుంది. పటిక వేసినవాళ్ళకి ఇది ఇంకా ముందే. ఒక చెంచా, అంటే 5 గ్రాముల వంటసోడా వేస్తే 65 దాకా తిరిగి వస్తుంది. బోరు నీళ్ళవాళ్ళకి ఈ బాధ తక్కువ. అయితే పీహెచ్ 8 దగ్గర, 28 డిగ్రీల్లో అమ్మోనియాలో విషంగా ఉండే వాటా, పీహెచ్ 7 దగ్గర ఉన్నదానికి తొమ్మిది రెట్లు. చేపలు వేశాక కొంచెం మిగిలినా ఊరుకోకూడదు.

2 పీపీఎం పోసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే ట్యాంకు సిద్ధం. ముప్పావు వంతు నీళ్ళు మార్చి ఒకట్రెండు రోజుల్లో చేపలు వేయాలి. ఆలస్యమైతే అమ్మోనియా పోస్తూ ఉండాలి, లేకపోతే పెరిగిన బ్యాక్టీరియా తిండి లేక తగ్గిపోతుంది.

ఫిల్టరుకి ఒక మార్కు తగ్గించింది పంపు వల్ల. ఏడాది, ఏడాదిన్నరకి పంపులో గాలిని నెట్టే రబ్బరు డయాఫ్రమ్ చిట్లుతుంది, సముద్రపు గాలికి ప్లగ్గు పిన్నులు చిలుమెక్కుతాయి. బ్యాటరీతో నడిచే పంపు ఒకటి విడిగా ఉంచుకోండి. 2014 అక్టోబరు హుద్‌హుద్‌కి ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, స్పాంజీలోని బ్యాక్టీరియాకి గాలి అందకపోతే కొన్ని గంటలే. స్పాంజీని కుళాయి కింద కాకుండా, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలో నెలకోసారి పిండాలి. ట్యూబు గట్టిబడగానే మార్చేయాలి, డయాఫ్రమ్ జత మాత్రం పంపుతోపాటే కొని పెట్టుకోవాలి, తర్వాత అదే మోడలుకి దొరకదు.