మేక మెదడు పొరల మీద ప్రోటీన్ కిట్: పయాకి సరే, డ్యూరాకి చాలదు

50 శాంపిళ్ల టిష్యూ ప్రోటీన్ ఎక్స్‌ట్రాక్షన్ కిట్ ఇది. డబ్బాలో రిపా బఫర్ (కణజాలం నుంచి ప్రోటీన్‌ని కరిగించే ద్రావణం), పీఎంఎస్ఎఫ్, ఇతర ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు (ప్రోటీన్లని ముక్కలు చేసే ఎంజైముల్ని ఆపేవి), బీసీఏ రీయేజెంట్లు (ప్రోటీన్ ఎంతుందో రంగుతో కొలిచేవి), ఆ కొలతకి పోల్చుకునే ఆల్బుమిన్ స్టాండర్డ్, వాడే విధానం రాసిన కాగితం ఉంటాయి. బ్రాండు పేరుతో పనిలేదు, ఈ రకం కిట్లన్నీ దాదాపు ఒకే వంట. నెల్లూరు, ఒంగోలు ల్యాబుల్లో మెదడు, వెన్నుపాము పొరల (బయటి గట్టి పొర డ్యూరా, నడిమిది అరాక్నాయిడ్, మెదడుకి అంటుకునే పలచటిది పయా) ప్రోటీన్లు చూడాలనుకునేవాళ్లకి ఎంతవరకు పనికొస్తుందన్నదే లెక్క. ఐదుకి మూడు మార్కులు. ఒకటి డ్యూరా దగ్గర పోయింది, ఇంకోటి లోపలి కాగితం దగ్గర.

కిట్ కంటే ముందు మేక తలకాయ. మాంసం కొట్లో అడక్కముందే కాల్చేస్తారు. ఆ వేడికి పుర్రెకి అంటుకున్న డ్యూరా బిగుసుకుపోయి, ప్రోటీన్ బఫర్‌లోకి దిగదు. "కాల్చొద్దన్నా, పచ్చిదే కావాల, నడినెత్తిన కొట్టొద్దు, పక్కకి కొట్టు" అని ముందే చెప్పాలి. నడినెత్తి కింద పెద్ద సిర ఉంటుంది. అది తెగితే రక్తం అన్ని పొరలకీ పూసుకుంటుంది, తర్వాత ప్రోటీన్లని బరువు (కిలోడాల్టన్లు) వారీగా విడదీసే జెల్ మీద 66, 16 కిలోడాల్టన్ల దగ్గర రక్తంలోని ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ మందంగా పడి మిగతావాటిని మింగేస్తాయి. చల్లటి పీబీఎస్‌లో (కడగడానికి వాడే ఉప్పు ద్రావణం) మూడుసార్లు కడిగినా డ్యూరాలో రక్తనాళాలున్నాయి కాబట్టి పూర్తిగా పోదు. వెన్నుపాము డ్యూరాకైతే చుట్టూ కొవ్వు కూడా ఉంటుంది, దాన్ని గీకి తీయాలి.

అరాక్నాయిడ్, పయా మెదడుతోనే వస్తాయి. పీబీఎస్‌లో ముంచి సన్నటి ఫోర్సెప్స్‌తో ఒలవాలి. 50 మిల్లీగ్రాములకి 500 మైక్రోలీటర్ల బఫర్, ఐస్ మీద నూరి అరగంట, ఆపైన సెంట్రిఫ్యూజ్‌లో 4 డిగ్రీల్లో 14,000 జీ (భూమ్యాకర్షణకి అన్ని రెట్లు) దగ్గర 15 నిమిషాలు తిప్పితే చాలు. ఇక్కడ కిట్‌కి వంక పెట్టలేం. తేటగా వస్తుంది. ఒలిచేటప్పుడు మెదడు ముక్క అంటుకొచ్చిందేమో తేల్చడానికి జీఎఫ్ఏపీ (మెదడు కణజాలంలో ఉండే ప్రోటీన్) యాంటీబాడీతో ఒక బ్లాట్ (ఆ ఒక్క ప్రోటీన్‌ని గీతగా చూపే పరీక్ష) వేసుకోండి. 50 కిలోడాల్టన్ల దగ్గర గట్టి గీత కనపడితే మీ దగ్గరున్నది పొర ఒక్కటే కాదు.

డ్యూరా వేరే కథ. అదంతా దాదాపు టైప్ 1 కొల్లాజెన్ (గట్టి పీచు ప్రోటీన్) పీచే. హోమోజినైజర్ బ్లేడుకి జనపనార చుట్టుకున్నట్టు చుట్టుకుని మోటారు వేడెక్కుతుంది. ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి రోట్లో పొడి చేయక తప్పదు. పశువుల వీర్యం నిల్వకి వాడే నైట్రోజనే దీనికీ సరిపోతుంది. పొడి చేశాక కూడా రిపాలో కరిగేది కొంతే, అడుగున తెల్లటి ముద్ద మిగులుతుంది. కాగితం దాన్ని పారేయమంటుంది. పారేయకండి, మీకు కావాల్సిన పీచు ప్రోటీన్లు చాలావరకు అందులోనే ఉన్నాయి. 8 మోలార్ యూరియా, 2 మోలార్ థయోయూరియా, 4 శాతం చాప్స్ (ఒక డిటర్జెంట్) కలిపిన బఫర్‌ని సొంతంగా చేసి అందులో నానబెట్టాలి. పీచుల మధ్య అడ్డబంధాలు గట్టిపడిన కొల్లాజెన్ దానికీ లొంగదు.

ఈ యూరియా బఫర్ 37 డిగ్రీలు దాటకూడదు. దాటితే యూరియా సయనేట్‌గా మారి ప్రోటీన్‌లోని లైసిన్ల (ఒక అమైనో ఆమ్లం) మీద కూర్చుంటుంది, అణువుల బరువు తూచే మాస్ స్పెక్‌లో 43 డాల్టన్ల అదనపు బరువుగా తేలుతుంది. ప్రోటోకాల్‌లో "గది ఉష్ణోగ్రత" అని ఉంటే మే నెల నెల్లూరుకి అది వర్తించదు. ఏసీ గదిలోనే చేయాలి.

కాగితంలో అసలు తప్పు పీఎంఎస్ఎఫ్ గురించి. పొద్దున్నే రోజుకి సరిపడా బఫర్‌లో కలిపి పెట్టుకోమంటుంది. పీహెచ్ 8, 25 డిగ్రీల్లో అది సుమారు 35 నిమిషాలకే సగం విరిగిపోతుంది, ఎండాకాలం ఇంకా తొందరగా. నూరే ముందు ఒక్కో ట్యూబులోకి విడిగా వేయండి: 100 మిల్లీమోలార్ స్టాక్ అయితే మిల్లీలీటరుకి 10 మైక్రోలీటర్లు. విషం కాబట్టి గ్లౌజులు తప్పనిసరి.

బీసీఏ ఇవ్వడం మాత్రం మెచ్చుకోవాలి, ఇంకో కొలత పద్ధతి బ్రాడ్‌ఫోర్డ్ కొల్లాజెన్‌ని తక్కువగా చూపిస్తుంది. రీయేజెంట్లు ఏ, బీ 50కి 1 కలిపి, 25 మైక్రోలీటర్ల శాంపిల్‌కి ఆ మిశ్రమం 200 మైక్రోలీటర్లు పోసి, 37 డిగ్రీల్లో అరగంట ఉంచి 562 నానోమీటర్ల దగ్గర చదవాలి. యూరియా భాగాన్ని అలాగే పోస్తే థయోయూరియా వల్ల ప్లేటులోని ఆ గుంట మొత్తం ఊదా అయిపోతుంది. ముందు నాలుగింతల చల్లటి అసిటోన్‌తో రాత్రంతా మైనస్ 20లో అవక్షేపించి, 4 శాతం ఎస్‌డీఎస్‌లో (ఇంకో డిటర్జెంట్) కరిగించి చదవండి.

కొనేటప్పుడు, చెన్నై నుంచి కొరియర్ సోమవారం బయల్దేరేట్టు చూసుకోండి. శనివారం వచ్చిన డబ్బా ఆదివారమంతా ఆఫీసులోనే ఉంటే జెల్ ప్యాకులు నీళ్లవుతాయి.